కాలువ గట్టున నేర్చిన కన్నడం



తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాద్ దగ్గర ఆనకట్టను విడిచి గంగావతి, కారటగి మీదుగా సింధనూరు తాలూకాలోకి వస్తుంది. అక్కడి నుంచి మాన్వి వైపు మళ్లి రాయచూరు దాకా సాగుతుంది. మొత్తం పొడవు సుమారు 227 కిలోమీటర్లు. ఆ నీళ్లు పారిన మేరా ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. క్యాంపుల్లో చాలావాటిలో ఉండేది తెలుగువాళ్లు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు. ఇంట్లో మాట ఇప్పటికీ ఆ జిల్లాలదే. అదే ఇంటి పెద్దాయన గేటు దాటి రోడ్డెక్కగానే, ఎదురొచ్చిన పక్క ఊరి రైతును ‘ఆరామ్ అదీరేన్రీ?’ అని పలకరిస్తాడు. బాగున్నారా అని. ఆ పలకరింపు కొందరి నోట ఏడాదికే పట్టుబడింది. కొందరికి ఇన్నేళ్లయినా పట్టుబడలేదు. పట్టుబడినవాళ్లకు ఎలా పట్టుబడింది, మిగతావాళ్లను ఆపినదేమిటి అన్నదే ఈవేళ మీతో చెప్పుకోదలచిన విషయం.

నేను పశ్చిమ గోదావరి నుంచి కోడలిగా ఈ రాయచూరు జిల్లాకు వచ్చినదాన్ని. తర్వాత చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాను. ఇంట్లో అత్తమామల మాట, పొలంలో కూలికి వచ్చే ఆడవాళ్ల మాట, బడిలో పిల్లల మాట, మూడూ నా చెవిన పడుతూ వచ్చాయి. భాషాశాస్త్రం చదివినవాళ్లు చెప్పగలిగినంత శాస్త్రంగా నేను చెప్పలేకపోవచ్చు గానీ, ఆ మూడు మాటల మధ్య బతికినదాన్ని కనుక గట్టిగానే చెబుతాను.

ముందు ఈ నేల సంగతి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ గడ్డ కోసం రాజులు ఎన్నిసార్లు కొట్టుకున్నారో లెక్కలేదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించింది ఇక్కడే. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే, 1294లో, కాకతీయుల తరఫున గోరె గంగయరెడ్డి రాయచూరు కోట కట్టించాడని కోటలోని పెద్ద రాతిపలక మీది శాసనం చెబుతోంది. అంటే తెలుగు నేల నుంచి ఇక్కడికి మనుషులు రావడం మనతో మొదలైంది కాదు. ఆ తర్వాత ఈ ప్రాంతం నిజాం పాలనలోకి పోయింది. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటిదాకా ఇదే జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. గీత గీసినంత మాత్రాన మనుషుల చుట్టరికాలు తెగవు కదా. రాయచూరు పట్నంలో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు అలాగే ఉండిపోయాయి.

ఇక కాలువ. 1945లో హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు కలిసి ఆనకట్ట పని మొదలుపెట్టాయి. 1953కు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఉన్నది చాలావరకు నల్లరేగడి. జొన్న, పత్తి, వాన పడితే పంట, లేకపోతే లేదు. వరి సాగు ఇక్కడి రైతుల్లో చాలామందికి కొత్త. డెల్టా రైతుకు అది పుట్టుకతో వచ్చిన విద్య. డెల్టాలో ఉన్న కాస్త పొలం అమ్మితే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు వచ్చేది. అలా యాభైలలో, అరవైలలో కుటుంబాలకు కుటుంబాలే కదిలివచ్చాయి. పొలం పక్కనే గుడిసెలు వేసుకుని, రేగడిని మడులుగా చదును చేసుకుని, నారు పోసుకున్నారు. గుడిసెలు పోయి డాబాలు లేచినా క్యాంపు అన్న పేరు మాత్రం పోలేదు. నాలుగు రోజులు ఉండి పోయేవాళ్ల బస లాగా వినిపించే ఆ పేరును మూడు తరాలుగా మోస్తున్నాం.

కొత్తగా వచ్చినవాళ్లకు భాష నేర్చుకోవడానికి ఇక్కడున్న చిక్కు చాలామంది అనుకునే రకం చిక్కు కాదు. మనకు కన్నడం రాకపోవడం కన్నా పెద్ద చిక్కు, ఎదుటివాళ్లకు తెలుగు రావడం. రాయచూరు రాజేంద్ర గంజ్‌కు పత్తి బండి తోలుకెళ్లండి. రైతు కన్నడంలో అడుగుతాడు, దలాలీ తెలుగులో చెబుతాడు, హమాలీ దక్కనీ ఉర్దూలో కేక పెడతాడు. ఎవరికీ ఏదీ ఆగదు. మనం తడబడుతూ రెండు కన్నడ ముక్కలు అనబోయేసరికి, అవతలి మనిషి మన అవస్థ చూడలేక తెలుగులోకి దిగిపోతాడు. అది వాళ్ల మంచితనం. కానీ ఆ మంచితనం నీడలోనే మనవాళ్లలో కొందరు అంకెలు, ధరలు, కూలి రేట్లు మించి కన్నడం నేర్వకుండా ముసలివాళ్లయిపోయారు. బ్యాంకులో, కచేరీలో, పెళ్లిలో, చావులో పక్కనున్నవాళ్ల తెలుగు మీద ఆధారపడి గడిపేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అప్పులు, పంటలు, చివరి భూములకు నీరందని వేసవులు, అన్నిటి మధ్యా వాళ్లకు తీరిక ఎక్కడిది?

అయినా ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. నిజాం పాలనలో ఉర్దూ ఏలుతున్నప్పుడు కూడా ఈ జిల్లావాళ్లు తమ మాటను వదులుకోలేదు. 1934లో పంజె మంగేశరాయరు అధ్యక్షుడిగా కన్నడ సాహిత్య సమ్మేళనం రాయచూరులోనే జరిగింది. ఆనాడు బడిలో దొరకని భాషను ఇళ్లలో, మఠాల్లో, హరిదాసుల కీర్తనల్లో దాచుకున్నారు. మాన్వి జగన్నాథదాసు, చీకలపర్వి విజయదాసు ఈ జిల్లా మట్టిలో పుట్టినవాళ్లే. అంత కష్టపడి నిలుపుకున్న భాషను, వాళ్ల నేల కొనుక్కుని వాళ్ల పక్కనే కాపురం ఉంటూ మనం నేర్చుకోకపోతే వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. పైకి అనరు. మనసులో ఉంటుంది.

సరే, నేర్చుకుందాం అనుకున్నవాళ్లు ఏ కన్నడం నేర్చుకోవాలి? పుస్తకం కొనుక్కుని మొదలుపెడితే, నేను వెళ్తున్నాను అనడానికి ‘నాను హోగుత్తిద్దేనె’ అని ఉంటుంది. బెంగళూరులో ‘హోగ్తా ఇద్దీని’ అంటారు. ఇక్కడ పొలం గట్టున ఎవరిని అడిగినా ‘హొంటీని’ అంటారు. ఉంది అనడానికి పుస్తకంలో ‘ఇదె’, ఇక్కడ ‘అద’ అనో ‘ఐతి’ అనో, ఊరిని బట్టి, ఇంటిని బట్టి. చాలా బాగుంది అనడానికి పుస్తకంలో ‘తుంబా చెన్నాగిదె’, ఇక్కడ ‘భాళ ఛలో అద’. పుస్తక కన్నడంలో మాట్లాడితే అర్థమవుతుంది, గౌరవంగా జవాబు కూడా చెబుతారు. కాకపోతే తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు కాస్త దూరంగా, జాగ్రత్తగా మాట్లాడతారు. ‘యాక్రీ, ఎల్లిగి హొంటీరి?’, అంటే ఏమండీ ఎక్కడికి వెళ్తున్నారు, అని చూడండి, వాళ్ల భుజాలు సడలుతాయి.

ఈ యాసలో మన చెవికి ముందుగా తగిలేది మాట చివరి అచ్చు. ఇంటిని మైసూరు వైపు ‘మనె’ అంటే ఇక్కడ ‘మని’ అంటారు. ‘తలె’ తలి అవుతుంది, ‘మళె’ మళి అవుతుంది, ‘శాలె’ సాలి అవుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం మాటలు వాటంతటవే దారికొస్తాయి. రెండోది, నోరు కాస్త వెడల్పుగా తెరిచి పలికే అచ్చు. ‘మేలె’ అన్నది ‘మ్యాల’ అవుతుంది. ‘పేటె’ ప్యాటి, ‘బేళె’ బ్యాళి, ‘బేడ’ బ్యాడ. ఇది మన కోస్తావాళ్లకు అయాచితంగా దొరికిన వరం. మనం ‘మేక’ అని రాసి పలికేటప్పుడు ‘మ్యాక’ అంటాం కదా. ‘వచ్చాడు’ అన్నప్పుడు ఆ ‘చ్చా’ దగ్గర నోరు ఎలా తెరుచుకుంటుందో గమనించండి. ఆ ధ్వని మన నోట పుట్టుకతో ఉంది. మైసూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి కష్టపడి తెచ్చుకోవలసిన ‘హ్యాంగ’ను, అంటే ‘ఎలా’ అన్న మాటను, గోదావరి ముసలమ్మ అవలీలగా అనేస్తుంది.

మనల్ని పట్టిచ్చేది ఇంకొకటి ఉంది. జొన్నను కన్నడంలో ‘జోళ’ అంటారు. మనం ‘జొన్న’ అన్నప్పుడు నాలుక కొస పళ్లకు తగులుతుంది. ‘చాప’, ‘చుక్క’, ‘జడ’, ‘జాము’ అన్నీ అంతే. అదే ‘చీమ’, ‘చెట్టు’, ‘జీతం’ అన్నప్పుడు నాలుక వెనక్కి, అంగిటి వైపు పోతుంది. తెలుగులో ఒక్క అక్షరానికే రెండు పలుకులు, మనకు తెలియకుండానే మార్చేసుకుంటాం. ఇక్కడి కన్నడంలో ఉన్నది రెండో పలుకే. అందుకని తెలుగు నోటితో ‘జోళ’ అన్నా, ‘జాత్రి’ అన్నా, ‘చహా’ అన్నా ఆ పళ్ల జకారం, చకారం వచ్చి మనం క్యాంపు మనుషులమని చాటి చెబుతాయి. వ్యాకరణం ఎంత చక్కగా వచ్చినా ఇది పోదు. కలుపు తీసే ఆడవాళ్లు దీన్నే పట్టుకుని నవ్వేవారు. నవ్వి ఊరుకునేవారు కాదు, మళ్లీ అనమనేవారు, సరిగా వచ్చేదాకా వదిలేవారు కాదు. నాకు దొరికిన గురువుల్లో వాళ్లను మించినవాళ్లు లేరు. కారణం ఒకటే. వాళ్లకు తెలుగులోకి దిగవలసిన అవసరం లేదు. మడిలో వంగి పని చేస్తూ, వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాట పక్కనుంచి మన చెవిన పడుతుంది. కోడలి మీద ఫిర్యాదు, కొడుకు చదువు, జాతర ఖర్చు, వాన ఎప్పుడొస్తుందన్న అంచనా, అన్నీ తీరిగ్గా సాగుతాయి. ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది అంత మాట?

పొలం మాటలు నేర్చుకున్నది కూడా అక్కడే. మనం ధాన్యం, వడ్లు అనేది వాళ్లకు ‘నెల్లు’. మన నారు వాళ్లకు ‘ససి’. నాటడాన్ని ‘హచ్చోదు’ అంటారు. నూర్పిడి, కుప్ప చేసుకోవడం అంతా కలిపి ‘రాశి’. మనం ఏరువాక పున్నమి అనేది వాళ్లకు ‘కార హుణ్ణిమి’. ఎద్దులకు రంగులు పూసి, కొమ్ములకు అలంకారం చేసి ఊరంతా తిప్పుతారు. గోదావరి ఒడ్డున మరుగున పడుతున్న పండుగ ఇక్కడ ఇంకా కళకళలాడుతోందని మా మామగారు ఆ రోజు తప్పకుండా పక్క ఊరికి వెళ్లేవారు. కన్నడం అక్షరం ముక్క చదవలేని ఆయన ఎద్దుల గురించి మాట్లాడితే మాత్రం ఊరివాళ్లకూ ఆయనకూ తేడా తెలిసేది కాదు. పళ్లు చూసి వయసు చెప్పడం, నడక చూసి ధర కట్టడం, అదంతా కన్నడంలోనే ఆయనకు వచ్చు. తెలుగులో ఆ మాటలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

వంటింటి సంగతి చెప్పకపోతే మా అత్తగారి ఆత్మ ఊరుకోదు. గోంగూర లేని ఊరుకు వచ్చి పడ్డామని క్యాంపుల్లో మొదటి తరం ఆడవాళ్లు దిగులుపడ్డారట. సంతలో ‘పుండి పల్యా’ అని కట్టలు కట్టి అమ్ముతున్నది గోంగూరేనని తెలిసేదాకా. జొన్నరొట్టెకూ పుండికూ ఉన్న జోడీ మన అన్నానికీ గోంగూర పచ్చడికీ ఉన్న జోడీ వంటిదే. వేరుశనగ ‘శేంగా’, ఉల్లిపాయ ‘ఉళ్ళాగడ్డి’. పొద్దున్నే బస్టాండు హోటల్లో దొరికే మరమరాల ‘ఒగ్గరణి’, పక్కన మిరపకాయ బజ్జీ. కర్నూలు వైపు ఉగ్గాణి అంటారే, అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి చెబుతాను. ఉళ్ళాగడ్డి అన్న మాట కోస్తావాళ్లకు కొత్త. కానీ రాయచూరు తెలుగువాళ్లు, అంటే ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్నవాళ్లు, ఉల్లిగడ్డ అంటారు. ఇక్కడి కన్నడంలో ఆస్పత్రి ‘దవాఖాని’, వాళ్ల తెలుగులో దవాఖాన. తొందరగా రమ్మనడానికి కన్నడంలో ‘జల్ది బర్రి’, వాళ్ల తెలుగులో జల్దీ రాండి. అవ్వ అంటే మనకు ముసలామె. ఇక్కడి కన్నడంలో కన్నతల్లి, పక్కనే ఉన్న తెలంగాణలోనూ కన్నతల్లే. చూస్తున్నారా? మనకూ ఈ కన్నడానికీ మధ్య ఒక తెలుగు ఉంది. గద్వాల, మక్తల్, రాయచూరు మీదుగా పరుచుకున్న తెలుగు. ‘యాడికి పోతుండావు?’ అని అడిగే తెలుగు. ఆ తెలుగు చెవికి అలవాటైతే కన్నడం సగం వచ్చినట్టే. ఎందుకంటే ఆ తెలుగూ, ఈ కన్నడమూ, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే గంజ్‌లో, ఒకే సంతలో, ఒకే కచేరీలో పక్కపక్కన పెరిగాయి. మాటలు పంచుకున్నాయి, మాట కట్టే తీరునూ పంచుకున్నాయి.

మరి మనం ఆ తెలుగును ఏం చేశాం? చెప్పడానికి బాధగా ఉంది. క్యాంపుల్లో చాలాకాలం దాన్ని తెలుగే కాదన్నారు. ‘వాళ్లది తురక తెలుగు’ అన్న మాట నేను నా చెవులారా విన్నాను. పిల్లలు ఆ మాటలు ఇంటికి తెస్తే కోప్పడ్డవాళ్లున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి నుంచి మాటలు సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించారు. ఒకే పనిముట్టుకు ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు, ప్రతి పేరుకూ అక్కడి మట్టిలో వేరు. గోదావరి మాట ఒక మాండలికమైతే రాయచూరు మాటా ఒక మాండలికమే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి ఆధారం ఎక్కడా లేదు. ఆ చిన్నచూపు వల్ల పొరుగు తెలుగువాళ్ల మనసు నొప్పించాం. దానితోపాటు కన్నడంలోకి వెళ్లే దగ్గరి దారిని మనకు మనమే మూసుకున్నాం.

ఇలా భాషలు ఒకదాన్నొకటి ఒరుసుకుని బతకడం రాయచూరుకే ప్రత్యేకం కాదు. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊరుంది. అక్కడ మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు నాలుగూ మాట్లాడే కుటుంబాలు తరాలుగా కలిసి ఉన్నాయి. జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అనే పరిశోధకులు 1971లో ఆ ఊరి మీద ఒక వ్యాసం ప్రకటించారు. నాలుగు భాషలవాళ్లూ ఎవరి మాటలు వాళ్లు ఉంచుకున్నారు, కానీ వాక్యం కట్టే పద్ధతి నాలుగింటిలోనూ దాదాపు ఒకటైపోయిందని వాళ్లు చూపించారు. ఆ వ్యాసం సంగతి తెలిసిన రోజున నాకు మా గంజ్ గుర్తొచ్చింది. ‘దవాఖానకు పోయి వస్త’, ‘దవాఖానిగి హోగి బర్తీని’. పక్కపక్కన పెట్టుకోండి, మాటకు మాట సరిపోతుంది.

పిల్లల సంగతి వేరే. 1992లో చేంబర్స్ అనే కెనడా పండితుడు, కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండుకు వలస వెళ్లిన రెండు కుటుంబాల పిల్లలు ఆరుగురిని పరిశీలించి, కొత్త ఊరి పదాలు ముందు వస్తాయి, పలికే తీరు ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది అని తేల్చాడు. చిన్న వయసులో వెళ్లినవాళ్లకే యాస బాగా అబ్బుతుందనీ చెప్పాడు. అంతకు ముందు, అమెరికాలో ఫిలడెల్ఫియా శివార్లకు వలస వచ్చిన పిల్లల మీద ఆర్విల్లా పేన్ చేసిన పని 1980లో వెలువడింది. అక్కడి తేలిక ధ్వనులన్నీ పిల్లలు పట్టేశారు. ఒక చిక్కు అచ్చు ఉంది, ఏ మాటలో ఎలా మారుతుందో సులువుగా చెప్పలేనిది. అది మాత్రం అమ్మానాన్నలు కూడా అక్కడే పుట్టి ఉంటే తప్ప పూర్తిగా పట్టుబడలేదట. మా బడిలో నేను చూసింది అక్షరాలా ఇదే. ఒకటో తరగతికి వచ్చిన క్యాంపు పిల్లలు సంక్రాంతి వచ్చేసరికి ఆటస్థలంలో ఊరి పిల్లల్లా అరుస్తారు. పుస్తకం చూసి చదివేటప్పుడు పుస్తక కన్నడం, గోళీలాటలో ఇక్కడి కన్నడం, ఇంటికెళ్లాక తెలుగు. ఎవరూ నేర్పకుండానే ఎప్పుడు ఏది వాడాలో తెలిసిపోతుంది. తల్లిదండ్రులు చేయవలసింది ఒక్కటే, ఊరి పిల్లలతో ఆడుకోనివ్వడం. మా పిల్లలు వాళ్లతో తిరిగి మాట పాడుచేసుకుంటున్నారు అని ఏ తల్లి అన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు.

పెద్దయ్యాక వచ్చినవాళ్లకు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు, బదిలీ మీద శక్తినగర్‌కో హట్టి గనులకో వచ్చిన ఉద్యోగులకు చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ‘రీ’. మన ‘అండీ’ చేసే పనే ఇది చేస్తుంది. హౌద్రీ, ఇల్రీ, బర్రీ, కుంద్రీ, అంటే అవునండీ, లేదండీ, రండి, కూర్చోండి. కూలికి వచ్చిన మనిషికైనా, కూరగాయలమ్మే అవ్వకైనా ఈ ‘రీ’ తగిలించి మాట్లాడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలిసో తెలియకో కూలివాళ్ల దగ్గర ఏకవచనం ముందు పట్టుకుంటారు, ఎందుకంటే యజమానులు పిలిచే పిలుపులే చుట్టూ ఎక్కువ వినిపిస్తాయి. భాషతోపాటు ఆ అలవాటు కూడా నాలుకకు అంటుకుంటే వదలదు. క్యాంపువాళ్లు కన్నడం బాగా మాట్లాడతారు గానీ మమ్మల్ని ఏకవచనంలో పిలుస్తారు అన్న మాట పడకుండా చూసుకోవాలి.

రెండోది, యాసను అనుకరించడంలో తొందర వద్దు. పదాలు ఎంత తొందరగా నేర్చుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు. రాగం మాత్రం వేరు. పరిచయమైన వారంలోనే ఎదుటి మనిషి సాగదీత, వాళ్ల ‘యప్పా’, ‘యవ్వా’ అన్నీ దించేస్తే వెక్కిరిస్తున్నారనుకుంటారు. అనుకోవడంలో తప్పేముంది? సినిమాల్లో నవ్వించడానికి వాడుకునే యాస కదా ఇది. మనతో వాళ్లకు చనువు పెరిగిన కొద్దీ రాగం దానంతటదే వస్తుంది.

మూడోది, తెలుగులోకి దిగిపోయే మంచి మనుషులను బతిమాలుకోవడం. ‘నంగ కన్నడదాగ హేళ్రీ, కలీబేకు’ అంటే చాలు. నాకు కన్నడంలోనే చెప్పండి, నేర్చుకోవాలి అని. అలా అడిగితే కాదన్నవాళ్లను నేనెరగను. ఎంత సంబరపడతారో, పక్కనున్నవాళ్లను పిలిచి మరీ చెబుతారు.

చదవడం నిజానికి మనకు చాలా తేలిక. మన లిపి, వాళ్ల లిపి ఒకే తల్లి బిడ్డలు. బస్సు బోర్డు చదవడానికి నెల చాలు. ఈ తేలిక వల్ల ఇంకొకటి జరుగుతోంది. మూడో తరం పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అమ్మమ్మకు చెప్పవలసిన మాటను కన్నడ అక్షరాల్లో తెలుగుగా రాసుకుంటారు. నాకు అది లోటుగానే తోస్తుంది. కన్నడం నేర్చుకోవడానికి తెలుగును వదులుకోవలసిన పని లేదని, సెలవుల్లో రోజుకు ఒక అరగంట కేటాయిస్తే రెండు లిపులూ వస్తాయని తల్లిదండ్రులకు చెబుతూనే ఉన్నాను.

సింధనూరు దగ్గరే ఇంకొక రకం క్యాంపులున్నాయి. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లకు ప్రభుత్వం చూపించిన పునరావాస క్యాంపులు. మనం భూమి కొనుక్కుని వచ్చాం, వాళ్లు ఉన్నదంతా పోగొట్టుకుని వచ్చారు. మన లిపికి కన్నడంతో దగ్గరి చుట్టరికముంది, వాళ్లదానికి అంత దగ్గరితనం లేదు. వాళ్ల బెంగాలీకి జవాబు చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. మరో దారి లేక వాళ్లు కన్నడంలోకి దూకారు. సంతలో చేపలమ్మే బెంగాలీ ఆడమనిషి మాట్లాడే కన్నడం విన్నప్పుడల్లా, అన్ని సౌకర్యాలూ ఉన్న మనం ఎందుకు వెనకబడ్డామో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఉర్దూ మాటలు కలిసిన కన్నడం శుద్ధమైనది కాదనే అభిప్రాయం మన చదువుకున్నవాళ్లలోనూ ఉంది. ఇదే జిల్లాలో హెంబేరాళలో 1924లో పుట్టిన శాంతరస, ఉర్దూ సొంపు తెలిసినవాడు కనుకనే కన్నడంలో గజళ్లు రాశాడు. 2006లో బీదరులో జరిగిన అఖిల భారత కన్నడ సాహిత్య సమ్మేళనానికి ఆయనే అధ్యక్షుడు. ఈ నేల కలగలుపు భాష కవిత్వానికి పనికొచ్చింది, మన ఇరుగుపొరుగు మాటలకు పనికిరాదా?

క్యాంపు పిల్లలు ఇప్పుడు బెంగళూరులో ఇంజనీర్లు, నర్సులు. అక్కడ ‘హ్యాంగ’ అనగానే, ‘మ్యాల’ అనగానే ఉత్తర కర్ణాటకవాళ్లా అని అడుగుతున్నారట. కొందరు పిల్లలు ఆ ప్రశ్నకు సిగ్గుపడి బెంగళూరు పలుకులోకి మారిపోతున్నారు. నాకు ఉత్తరాలు రాసే నా పాత విద్యార్థినులకు నేను రాసే జవాబు ఇది. అమ్మాయీ, నిన్ను ఎవరూ ఆంధ్రావాళ్లా అని అడగలేదు, ఉత్తర కర్ణాటకవాళ్లా అని అడిగారు. మీ తాతగారు బతికి ఉండగా ఆయనను అలా అడిగినవాళ్లు లేరు. ఆఫీసులో ఏ కన్నడమైనా మాట్లాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు, పక్కింటి అవ్వ ఫోను అందుకుంటే మాత్రం ‘ఆరామ్ అదీయేనవ్వా’ అని అడుగు, ఆమెకు చెవి సరిగా వినిపించదు, కాస్త గట్టిగా అడుగు.